రెండు తలుపుల దారాల కొట్టు

ఈ ఊళ్ళో వ్యాపారం మొదలుపెట్టిన రోజు నా చేతిలో ఉన్నవి ఇవి: నూట నలభై రంగుల దారం ఉండలు, పదకొండు డబ్బాల బొత్తాలు, ఓ గోనెసంచీ నిండా జిప్పులూ హుక్కులూ, ఎవరూ కొనడానికి ముందుకు రాని పొడుగాటి గోదాము, మా ఆవిడ నోరు. ఊళ్ళో తెలిసినవాళ్ళు సున్న. తెలిసినవాళ్ళు లేకపోతే అరువు అడిగేవాళ్ళు ఉండరని ఆ సున్నని నేను లాభం కింద వేసుకున్నాను. నేను వేసిన మొదటి తప్పు లెక్క అదే.

గోదాము చవగ్గా రావడానికి కారణం ఉంది. అది పై వీధికీ కింది వీధికీ మధ్య అడ్డంగా పడుకుని ఉంటుంది. తూర్పు తలుపు పై వీధిలోకి తెరుచుకుంటుంది, పడమటి తలుపు కింది వీధిలోకి. ఒకప్పుడు రెండు వీధులూ కలిసి ఒకటే దర్జీల బజారు. నేను రావడానికి పన్నెండేళ్ళ ముందు గొడవైంది. రెండు కొట్లు కాలాయి, ఒక మనిషికి కాలు పోయింది. ఎలా మొదలైందని అడిగితే పై వీధిలో ఒక కథ చెబుతారు, కింది వీధిలో ఇంకో కథ చెబుతారు. రెండిట్లోనూ తప్పు ఎదుటివాళ్ళదే. ఆ తర్వాత రెండు వీధుల్నీ కలిపే సందుకి గోడ కట్టేశారు. ఈ వీధివాడు ఆ వీధిలోకి వెళ్ళాలంటే బస్టాండు మీదుగా చుట్టూ తిరగాలి, పావుగంట నడక. నడిచేవాడు మాత్రం లేడు. రెండు వీధుల్నీ తాకుతూ మిగిలింది ఆ గోదాము ఒక్కటే.

ఉప్పూ నిప్పూ మధ్య కొట్టు పెడతావా అని అందరూ నవ్వారు. నాకు కనబడింది మాత్రం ఇటు ఎనిమిది కుట్టుకొట్లు, అటు ఆరు. మధ్యలో దారం అమ్మేవాడు లేడు.

నేను తెలివైనవాణ్ణి అనుకుని మొదటి రోజే కొట్టు నడుమ చెక్క అడ్డం కట్టించాను. తూర్పు సగం పై వీధివాళ్ళకి, పడమటి సగం కింది వీధివాళ్ళకి. ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనబడదు. మధ్యలో చిన్న కంత పెట్టి, అందులోంచి నేనూ మా ఆవిడా అటూ ఇటూ దూరి బేరాలు చేసేవాళ్ళం. మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో నెలలో సరుకు వెనక్కి రావడం మొదలైంది.

ఆ గోదాముకి కిటికీలు లేవు, రెండు పక్కలా పక్కిళ్ళ గోడలు అతుక్కుని ఉన్నాయి. పొద్దున ఎండ తూర్పు తలుపులోంచి, మధ్యాహ్నం దాటాక పడమటి తలుపులోంచి వస్తుంది. అడ్డం కట్టాక పొద్దున పడమటి సగంలోనూ, సాయంత్రం తూర్పు సగంలోనూ ట్యూబులైటే గతి. దర్జీకి దారం కావాలంటే గుడ్డ ముక్క పక్కన ఉండ పెట్టి చూసుకుంటాడు. నలుపూ నేవీ నీలమూ ట్యూబులైటు కింద కవలపిల్లలు. ఎండలో పెడితే దూరపు చుట్టాలు కూడా కాదు.

కింది వీధిలో కోట్లు కుట్టే దర్జీ ఒకాయన ఉన్నాడు. చెయ్యి చాలా గొప్పది, కానీ కోటుకి ఒక్క చెయ్యి అతకడానికి మూడు రోజులు పడుతుంది. వీధంతా ఆయన్ని నిదానం అనే పిలుస్తుంది, ఆయన భార్యతో సహా. ఒకనాడు నిదానం నేవీ నీలం కోటు ఒకటి తెచ్చి నా బల్ల మీద పడేశాడు. అంచంతా నల్లదారంతో కుట్టి ఉంది.

"ఇక్కడ పొద్దున కొన్నది మా ఇంటికెళ్ళేసరికి రంగు మారుతోంది. నువ్వు దారం అమ్ముతున్నావా, ఊసరవెల్లిని అమ్ముతున్నావా?"

ఆ వారంలో అది తొమ్మిదో తిరుగు సరుకు. తల పట్టుకుని కూచుంటే మా ఆవిడ హుక్కులు ఏరుతూ తలెత్తకుండా అంది:

"అడ్డం పీకించండి. వాళ్ళకి కావాల్సింది మర్యాద కాదు, వెలుతురు."

పీకించాను. ఏదో సఖ్యత కోసం పీకించానని ఇప్పుడు కొందరు చెప్పుకుంటారు. వట్టిది. తిరుగు సరుకు భయానికి పీకించాను.

ఇక చూడండి వింత. పొద్దునపూట కింది వీధి దర్జీలు ఉండ పట్టుకుని కొట్టు పొడుగునా నడిచి తూర్పు గడప దాకా రావలసి వచ్చింది. గడప దాటరు. లోపలే బొటనవేలు గడపకి ఆనించి నిలబడి, చెయ్యి మాత్రం ఎండలోకి చాపుతారు. సాయంత్రం పై వీధివాళ్ళది పడమటి గడప దగ్గర అదే వరస. మొదటి వారం ఎవరూ ఎవరినీ చూడనట్టు ఒళ్ళు బిగబట్టుకుని తిరిగారు. కానీ ఎదుటివాడు తప్పు దారం పట్టుకుంటే చూస్తూ ఊరుకోవడం దర్జీ పుట్టుక పుట్టినవాడి వల్ల కాదు.

పై వీధిలో కాజా మేష్టారని ఒకాయన. చొక్కాకి బొత్తాం దూరే కంతని కాజా అంటారు. ఆ కాజాలు కుట్టే మిషను రెండు వీధుల్లో కలిపి ఆయన దగ్గర ఒక్కటే ఉంది. అందువల్ల మిషను కంటే మనిషి ఎక్కువ చప్పుడు చేసేవాడు. ఒకరోజు పొద్దున నిదానం మట్టిరంగు గుడ్డ పక్కన ఉండ పెట్టి చూస్తున్నాడు. మెట్టు మీద నిలబడ్డ మేష్టారు నిదానాన్ని చూడకుండా నన్ను చూసి అన్నాడు:

"కొట్టాయనా, ఆ పట్టుకున్నాయనకి చెప్పు, అది కాదు, పక్కదని."

నిదానం కూడా నన్నే చూశాడు. "ఆ చెప్పినాయనకి చెప్పు, పక్కది ఉతికితే వెలుస్తుందని."

ఇద్దరి మధ్యా రెండు మూరల దూరం లేదు. నేను కరెంటు స్తంభంలా నిలబడి ఇటు మాట అటూ అటు మాట ఇటూ అందించాను. ఇలా ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు లైనింగు గుడ్డ కోసం నిచ్చెనెక్కి అటకలోకి తల పెట్టాను. కింద చెప్పడానికి మధ్యవర్తి లేడు. కాసేపు దగ్గులు వినబడ్డాయి. తర్వాత మేష్టారి గొంతు:

"ఏమండీ, ఆ రెండో వరసలోది చూడండి."

లైనింగు దొరికి పావుగంటైనా నేను అటకలోంచి తల బయటికి తియ్యలేదు. పాతికేళ్ళ వ్యాపారంలో ఏ బేరానికీ నాకంత ఉత్సాహం రాలేదు.

ఆ రోజు నుంచి పిలుపుల వరసలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మన భాషలో ముక్కూ మొహం తెలియనివాణ్ణి కూడా బస్సులో అన్నా అంటాం, బాబాయ్ అంటాం. అలాంటిది ఈ రెండు వీధులవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు 'వాళ్ళు' అనడమే తప్ప వరస పెట్టి పిలిచి పన్నెండేళ్ళైంది. నా కొట్లో ఆ 'వాళ్ళు' మొదట 'ఆ చెప్పినాయన' అయింది. తర్వాత 'ఏమండీ' అయింది. ఏడాది తిరిగేసరికి నిదానం మేష్టారిని అన్నా అన్నాడు. వినబడిన ప్రతి కొత్త వరసకీ బొత్తాల డబ్బా మూత మీద సుద్దతో ఒక గీత గీసేవాణ్ణి.

మాట వెనకే పని వచ్చింది. కింది వీధివాళ్ళు కాజాల కోసం చొక్కాలు మూటకట్టి బస్సులో పక్క ఊరికి పంపేవాళ్ళు. ఇప్పుడు మూట నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోతారు, మేష్టారు వచ్చి తీసుకెళతాడు, మర్నాడు కాజాలతో తిరిగొస్తుంది. పై వీధికి కోట్ల బేరం వస్తే మేష్టారు ఒప్పేసుకుని, కొలతల చీటీ నా బల్ల మీద నిదానానికి వదిలేవాడు. ఎవరింట్లోనూ ఎవరూ చెప్పుకోలేదు. మా ఆవిడ వాటికోసం ఓ అల్మారా ఖాళీ చేసింది.

రెండేళ్ళు హాయిగా గడిచాక బస్టాండులో సీటు కోసం రెండు వీధుల కుర్రాళ్ళు కొట్టుకున్నారు. ఒకడికి నెత్తిన ఆరు కుట్లు పడ్డాయి. మర్నాడు పది గంటలకి పై వీధి సంఘం ప్రెసిడెంటుగారు తూర్పు తలుపులోంచి వచ్చాడు.

"చూడు నాయనా, వారంలోగా ఆ కింది తలుపు మూసెయ్యి. లేదంటే మా వీధివాళ్ళెవరూ నీ దగ్గర సూది కూడా కొనరు."

సరేనన్నాను. నాలుగు గంటలకి కింది వీధి పెద్ద వచ్చాడు. ఆయన స్కూళ్ళకి యూనిఫారాలు సరఫరా చేసే కాంట్రాక్టరు. సరిగ్గా అవే మాటలు అన్నాడు, తలుపు మాత్రం మార్చాడు. ఇద్దరూ ఒకే పంతులు దగ్గర చదువుకున్నారని తర్వాత తెలిసింది. ఆయనకీ సరేనన్నాను. భయంతో నోట్లోంచి అదే వచ్చింది.

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఏ తలుపు మూసినా సగం మంది పోతారు. పోయేది సగం మందే అయితే బతకొచ్చు. కానీ సగం వెలుతురు కూడా పోతుంది, తిరుగు సరుకు మళ్ళీ మొదలౌతుంది. బల్ల మీద మూటలు ఆగితే అటు కాజాలుండవు, ఇటు కోట్లుండవు. సగం కోడిని కోసుకుని మిగతా సగాన్ని గుడ్లకి ఉంచుకోవడం ఎవడి తరం? ఉన్నదంతా ఆ కొట్లోనే పెట్టాను. అది పోతే నాకు ఈ ఊళ్ళో నిలువ నీడ లేదు.

మా ఆవిడతో చెప్పాను. "ఇద్దరికీ సరే అన్నారా?" అంది. అన్నానన్నాను.

"అయితే మాట నిలబెట్టుకోండి. ఇద్దరిదీ."

అర్థం కావడానికి నాకు అరనిమిషం పట్టింది. అర్థమయ్యాక నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నాను.

సోమవారం పొద్దున రెండు తలుపులూ మూసి, లోపల గడియలు వేసి, బయట బోర్డులు తగిలించాను. తూర్పు తలుపు మీద 'కింది వీధి పెద్దల మాట ప్రకారం మూయడమైనది'. పడమటి తలుపు మీద 'పై వీధి పెద్దల మాట ప్రకారం మూయడమైనది'. ఒక్క అక్షరం అబద్ధం లేదు. మా కాపురం కొట్టు పైగదిలోనే. ఆవిడ నాలుగు రోజులకి సరిపడా సామాను ముందే తెచ్చి పెట్టింది.

రోజు చూసే మూశాను. స్కూళ్ళు తెరవడానికి వారం ఉంది. కాంట్రాక్టరుగారి చొక్కాలు రెండు వందల ముప్ఫై శుక్రవారానికి అందాలి. అవి మేష్టారింట్లో కాజాల కోసం పడున్నాయి. పక్క ఊరికి పంపుతున్నారనే కాంట్రాక్టరుగారి నమ్మకం. ప్రెసిడెంటుగారబ్బాయి పెళ్ళి ఆదివారం. పెళ్ళికోటు మేష్టారు ఒప్పుకున్నాడు గనక మేష్టారే కుడుతున్నాడని ఆయన నమ్మకం. కోటు నిదానం ఇంట్లో, బొత్తాలు లేకుండా, కొక్కేనికి వేలాడుతోంది. బొత్తాలు నా దగ్గరున్నాయి. కొట్లాట తర్వాత బస్టాండు మీదుగా మూట పట్టుకుని అవతలి వీధిలోకి నడిచే ధైర్యం ఎవరికీ లేదు.

సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం తూర్పు తలుపుకి ఒక రాయి తగిలింది. లెక్క తప్పిందేమో, రెండు తలుపులూ తీసేద్దామా అన్నాను. మా ఆవిడ కలిసిపోయిన బొత్తాల్ని సైజుల వారీగా వేరు చేస్తూ, "తగిలింది ఒక్క రాయే కదా. రెండోది తగిలినప్పుడు చూద్దాం," అంది. రెండోది తగల్లేదు.

బుధవారం మధ్యాహ్నానికి రెండు వైపులా జనం. ముందు మేష్టారు తూర్పు తలుపు తట్టి, చొక్కాలు ఇంటినిండా ఉన్నాయి, పడుకోవడానికి చోటు లేదు, తలుపు తియ్యమన్నాడు. మూయించినవాళ్ళే తెరిపించాలి మేష్టారూ అన్నాను లోపల్నుంచి. పడమటి తలుపు దగ్గర నిదానం. ఆయన అడిగింది ఒక్కటే, బొత్తాలు చిన్నవా పెద్దవా అని. అప్పటికి కోటు సంగతి బయటపడిపోయింది. తూర్పు వైపు ఒక ఆడగొంతు మిగతా గొంతులన్నిటినీ అణిచేసింది. ప్రెసిడెంటుగారి భార్య.

"ఆ కోటు ఎక్కడుందో తెలుసా మీకు? గోడకి అవతల. మీరు మూయించారే, ఆ తలుపు వెనకాల. పెళ్ళికొడుకుని దుప్పటి కప్పి నిలబెడదామా?"

కాస్సేపటికి ప్రెసిడెంటుగారు తలుపు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, మా తలుపు తియ్యి చాలన్నాడు.

"మీ తలుపు తీస్తే మీరు లోపలికొస్తారు. కోటు రాదండీ. అది అటునుంచి రావాలి."

"అయితే ఆ తలుపు కూడా తియ్యి."

"ఏ తలుపండీ?"

అతి చెయ్యకండని మా ఆవిడ నా జబ్బ గిల్లింది. చాలాసేపటి తర్వాత తలుపు సందులోంచి వచ్చింది మాట:

"కింది వీధి తలుపు."

కొట్టు పొడుగు నలభై అడుగులు. ఈ వయసులో అంత పరుగు మళ్ళీ పరిగెత్తలేదు. పడమటి తలుపు దగ్గర కాంట్రాక్టరుగారికి అప్పటికే చొక్కాల సంగతి నిదానం నిదానంగా చెప్పేశాడు. ప్రెసిడెంటుగారు మీ తలుపు తియ్యమంటున్నారండీ, మీరేమంటారని అడిగాను. ఆయన తిట్టబోయి ఆగాడు. "ముందు ఆయన అన్నాడా?" అన్నాడు. అన్నారండీ అన్నాను. "అయితే పై తలుపు కూడా తియ్యి. నేను రెండోవాణ్ణని రాసుకో."

తూర్పు గడియ దగ్గర మా ఆవిడ, పడమటి గడియ దగ్గర నేను. ఒకటీ రెండూ మూడు అని ఆవిడే లెక్కపెట్టింది. రెండూ ఒకేసారి తీశాం.

తూర్పు నుంచి మేష్టారు భుజం మీద మొదటి మూటతో, పడమర నుంచి నిదానం చేతుల మీద కోటుతో, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు. బల్ల దగ్గర కలిశారు. వాళ్ళ వెనక జనం గడపల్లో ఆగిపోయారు. నేను రెండు రకాల బొత్తాలు బల్ల మీద పెట్టాను. ప్రెసిడెంటుగారు లోపలికొచ్చి కోటు మీద అదీ ఇదీ పెట్టి చూశాడు. ఏమీ తెలియలేదు. అప్పటికి మూడు గంటలు, వెలుతురంతా పడమటి గడప దగ్గరుంది. అక్కడ కాంట్రాక్టరుగారు నిలబడి ఉన్నాడు.

ప్రెసిడెంటుగారు కోటు తీసుకుని నడిచాడు. గడప దగ్గర ఆగి ఎండలో బొత్తాలు పెట్టి చూస్తున్నాడు. కాంట్రాక్టరుగారు ఆకాశం చూశాడు, గోడ చూశాడు, తన చెప్పులు చూసుకున్నాడు. చివరికి అన్నాడు:

"ఆ పెద్దవి వద్దండీ."

"అబ్బాయి పొడగరి," అన్నాడు ప్రెసిడెంటుగారు, కోటుకి చెబుతున్నట్టు.

"పొడగరైనా సరే. మావాడి పెళ్ళికి పెద్దవే పెట్టించాం. పదేళ్ళనుంచీ ఫొటోలో మావాడు కనబడడు, బొత్తాలే కనబడతాయి."

పై వీధివాళ్ళు ముందు నవ్వారో కింది వీధివాళ్ళు ముందు నవ్వారో నేను గమనించలేదు. లెక్కలవాణ్ణి, గమనించాల్సింది. చిన్న బొత్తాలే పెట్టారు. చొక్కాలు గురువారం రాత్రిలోపే అందాయి.

ఆ తర్వాత ఆ ఇద్దరు పెద్దలూ మాట్లాడుకోగా నేను చూడలేదు. సందు గోడ అలాగే ఉంది. నాకు దిగులు లేదు. వాళ్ళు పెద్ద నోట్లు, వ్యాపారం నడిచేది చిల్లర మీద. ఆ చిల్లర ఎంత బలమైందో రెండు నెలలకే తెలిసింది. బస్టాండులో పై వీధివాళ్ళు నిదానం కొడుకుని పొడిచారని కింది వీధిలో పుకారు లేచింది. కర్రలు బయటికొచ్చాయి. పావుగంటలో అటూ ఇటూ పదకొండు ఫోన్లు తిరిగాయి. నిదానం మేష్టారికి చేశాడు. మేష్టారు ఒక్క మాటే అన్నాడట: "మీవాడు నా ముందే కూచుని, నేర్చుకుంటానని కాజా మిషను పాడుచేస్తున్నాడు తమ్ముడూ, ఇదిగో మాట్లాడు." కర్రలు లోపలికెళ్ళిపోయాయి. పోలీసులొచ్చేసరికి వీధిలో పోలీసులు తప్ప ఎవరూ లేరు.

నిన్న కూచుని లెక్క తేల్చాను. పోయినవి: కట్టించిన చెక్క అడ్డం ఒకటి, మంచి సీజన్లో మూడు రోజుల బేరం, తూర్పు తలుపు మీద రంగు పెచ్చు ఒకటి. కింది వీధి దర్జీ ఒకాయన ఆ బుధవారం జనంలోంచి వెళ్ళిపోయి మళ్ళీ నా గడప తొక్కలేదు. పక్క ఊళ్ళో దారం కొంటున్నాడు. వాళ్ళ తమ్ముడిదే అప్పటి గొడవలో పోయిన ఆ కాలు. ఆయన్ని నేను తప్పుపట్టను, కానీ లెక్కలోంచి తియ్యను.

వచ్చినవి: కొట్లో ఈ తలుపు నుంచి ఆ తలుపుకి దాటిన వరసలు. అన్నలూ తమ్ముళ్ళూ ముప్ఫై ఒకటి. అక్కలు తొమ్మిది. వదినలు నాలుగు. బాబాయిలు ఇద్దరు. బావ ఒకటి ఉంది, పిలిచింది మేష్టారి తమ్ముడు. పిలిపించుకున్నాయన ఇంకా ఒప్పుకోలేదు గానీ, కోప్పడలేదు గనక వేసుకున్నాను. మొత్తం నలభై ఏడు. పోయిన మనిషి ఒకడు. మిగులు నలభై ఆరు.